మాంసం ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి

సూపర్ మార్కెట్‌లో మాంసం కొనేముందు ప్యాకెట్ వెనక చదవండి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్, ప్యాక్ చేసిన తేదీ, కంపెనీ అడ్రస్ ఉంటాయి, కానీ ఆ జీవం ఎక్కడ మేసిందో మాత్రం చాలాసార్లు ఉండదు. లోపల మంచు పలుకులు కనిపిస్తే ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టి ఉండొచ్చు, వద్దు.

మన నెల్లూరు గొర్రెకి దేశమంతా పేరుంది, జోడిపి, పల్ల, దొర అని మూడు రకాలు, వాటిని వదిలేసి ఎక్కడిదో ఎందుకండీ? పొట్టేలు ఏ ఊరి నుంచి తెచ్చావని మీ మటన్ కొట్టు ఆయన్ని అడగండి, ఉదయగిరి వైపు మందల దగ్గరికి తనే వెళ్లి తెచ్చుకునేవాడైతే ఊరు పేరు టక్కున చెప్తాడు. తొడ మీద మున్సిపాలిటీ ముద్ర ఉందా చూడండి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి, కొవ్వు తెల్లగా ఉండాలి. ఆదివారం మాత్రం పొద్దున్నే ఆరింటికల్లా వెళ్లండి.