చెవిలో కీచురాయి – 4వ పాఠం: సౌండ్ ఎంత పెట్టాలి

ఈసారి దవడ బిగపట్టడం గురించి రాద్దామనుకున్నాను, కుదరలేదు. చెవిలో ఆగకుండా మోగే కీచు, అంటే టిన్నిటస్, ఉన్నవాళ్లకి పోయిన పాఠంలో "రాత్రి గదిలో ఏదో ఒక చప్పుడు ఉండనివ్వండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఎంత చప్పుడో రాయలేదు, అది నా తప్పే. దాంతో చాలామంది ఇయర్‌ఫోన్లు చెవుల్లో దూర్చుకుని, ఫోన్లో వాన శబ్దం పెట్టి, కీచు అసలు వినపడకుండా పోయేదాకా వాల్యూమ్ పెంచి, పొద్దున్నే లేచి "అన్నా, ఇంకా ఎక్కువైంది" అన్నారు. మల్కాజ్‌గిరి నుంచి ఒకాయనైతే చిన్న స్పీకరు కొని రోజుకో గీత చొప్పున పెంచుకుంటూ పోయాడు. నాలుగో రోజుకి ఇంటావిడ దిండు పట్టుకుని హాల్లోకి వెళ్లిపోయిందట.

కాబట్టి మళ్లీ మొదటికి. కీచును ముంచెయ్యకూడదు. అది చప్పుడు పక్కన సన్నగా వినపడుతూనే ఉండాలి.

ఎందుకంటే, సీతాఫల్‌మండిలో పట్టాల పక్కన ఇల్లున్నవాళ్లకి రైలు వినపడదు. చుట్టం వచ్చిన రాత్రి ఆ చుట్టానికే వినపడుతుంది. ఇంట్లోవాళ్లకి అలవాటైంది రైలు ఆగిపోయి కాదు, రోజూ వస్తూ ఏమీ చెయ్యకుండా పోతోంది కాబట్టి. మన కీచు కూడా అంతే. లోపలి చెవిలో సన్నని వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, వాటిలో సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు పట్టేవే సాధారణంగా ముందు దెబ్బతింటాయి. అక్కడినుంచి కబురు తగ్గేసరికి మెదడు తనవైపు వాల్యూమ్ పెంచుకుంటుందన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. నేను బాలానగర్‌లో ప్రెస్ మిషన్ల మధ్య పదకొండేళ్లు చేశాను. నా ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష గ్రాఫులో, 4000 హెర్ట్జ్ దగ్గర గుంత ఉంది, అక్కడ వినికిడి తగ్గిందన్నమాట, నా కీచు కూడా ఇంచుమించు అక్కడే. ఆ గుంత పూడదు. మెదడు దాన్ని పట్టించుకోవడం మానెయ్యాలి, మరి వినపడనిదాన్ని పట్టించుకోకుండా ఉండటం ఎలా నేర్చుకుంటుంది? టిన్నిటస్ పరిశోధకుడు పావెల్ జాస్ట్రెబాఫ్ 1990లో ఈ కీచు ఎలా పుడుతుందో చెప్పే తన నమూనా ప్రచురించాక దానిమీద నిలబడ్డ చికిత్సలో కూడా ఇదే, శబ్దం కీచుతో కలిసేలా పెట్టాలి గానీ కప్పేలా కాదు.

పెట్టే పద్ధతి. పడుకుని, సున్నా నుంచి మెల్లగా పెంచండి. రెండూ వినపడుతూ, కీచు అంచు కాస్త మొద్దుబారినట్టు అనిపించే చోటు ఒకటుంటుంది. అక్కడినుంచి ఒక గీత తగ్గించి వదిలెయ్యండి. ఫోను బీరువా మీద పెట్టండి, దిండు కింద కాదు. ఇయర్‌ఫోన్లు వద్దు. మాటలున్నది వద్దు, టీవీ వార్తలు అసలు వద్దు, అవి నిద్రపుచ్చవు, గొడవలోకి లాగుతాయి. నాకు యాప్‌లు పడవు. పాత ట్రాన్సిస్టర్‌లో రెండు స్టేషన్ల మధ్య వచ్చే 'స్స్' అనే సొద పెట్టుకుంటాను, అందులో కీచుకి దగ్గరగా ఉండే సన్నని శబ్దం ఉంటుంది, ఫ్యానులో అది తక్కువ. ఎండాకాలం కూలర్ ఉంటే ఇవేవీ అక్కర్లేదు.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. చెక్ చేసుకోవడం. "తగ్గిందా?" అని సౌండ్ ఆపి వింటారు. బాత్రూమ్ తలుపు వేసుకుని వింటారు. రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని వింటారు. అక్కడ ఎవరికైనా ఏదో ఒకటి వినపడుతుంది! 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు బాగా వినపడే 80 మందిని శబ్దం చొరని గదిలో కూర్చోబెడితే 94 శాతం మంది ఏవో మోతలు వినిపించాయన్నారు. వాళ్లెవరూ రోగులు కారు. ఇంకో మోసం ఏమిటంటే, గట్టిగా సౌండ్ పెట్టి ఆపిన వెంటనే చాలామందికి కీచు కొన్ని సెకన్లపాటు, ఒక్కోసారి నిమిషం దాకా, మాయమవుతుంది. దాన్ని చూసి "పోయింది" అని సంబరపడతారు, తిరిగి రాగానే కూలబడతారు, మళ్లీ ఆ నిమిషం కోసం ఇంకా గట్టిగా పెడతారు. మల్కాజ్‌గిరి ఆయన చేసిందంతా ఇదే. చెక్ చేసిన ప్రతిసారీ "ఇది ముఖ్యమైన శబ్దం, కాపలా కాయి" అని మెదడుకి మనమే చెప్తున్నాం. నేను మొదటి రెండేళ్లు పొద్దున కళ్లు తెరవగానే ముందు దాన్నే వెతికేవాణ్ణి, పళ్లు కూడా తోముకోకుండా. అందుకే ఇంత కోపం.

డాక్టరు సంగతి మొదటి పాఠంలో ఉంది, మళ్లీ రాయను. ఒక్క చెవిలోనే మోత, నాడితో పాటు కొట్టుకునే మోత, ఉన్నట్టుండి వినికిడి పడిపోవడం, వీటికి మాత్రం పాఠాలు పక్కనపెట్టి వెళ్లండి, చివరిదానికైతే ఆ రోజే. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. వెల్లుల్లి కాచిన నూనె పోసుకుని వెళ్లకండి, కర్ణభేరికి చిల్లు ఉంటే అది ఇంకో గొడవ.

చెవుల్లో దూది పెట్టుకుని తిరగొచ్చా అని ఒకరడిగారు. బస్సులో, ఆఫీసులో వద్దు, చెవి ఇంకా సున్నితమవుతుంది. బారాత్‌లో డీజే పక్కన నిలబడాల్సి వస్తే దూది కాదు, సరైన ఇయర్‌ప్లగ్ పెట్టుకోండి. ఏమీ పెట్టుకోని చెవికి 100 డెసిబెల్స్ చప్పుడులో హద్దు 15 నిమిషాలే లెక్క.

అభ్యాసం. 21 రాత్రులు వాల్యూమ్ ముట్టుకోవద్దు. కీచు ఎక్కువైన రాత్రి కూడా ముట్టుకోవద్దు, అసలు పరీక్ష ఆ రాత్రే. నోటుబుక్కులో ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నింటికి లేచారో రాయండి. కీచు ఎంత ఉందో రాయకండి, రాయాలంటే వినాలి కదా. మధ్యలో ఒక్కసారి బాత్రూమ్‌లో చెవి పెట్టి విన్నా మళ్లీ ఒకటో రాత్రి నుంచి. కష్టమే, నాకు మూడోసారికి కుదిరింది.

అన్నట్టు, డిసెంబరులో ఫ్యాను ఆపగానే ఎక్కువైంది అంటూ ఏటా రాస్తారు. ఎక్కువ కాలేదు, ఫ్యాను ఆగింది. నేను టేబుల్ ఫ్యాను గోడకేసి తిప్పి పెడతాను, గాలి గోడకి, చప్పుడు నాకు.