కాలికి లేజర్: నిలబెట్టి డాప్లర్ తీయించుకున్న దగ్గర్నుంచి స్టాకింగ్ విప్పేదాకా

తెనాలిలో మాది చిన్న టిఫిన్ సెంటర్. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగిస్తే పదకొండు దాటితే గానీ నడుం వాల్చే వీలుండదు. పందొమ్మిదేళ్లు పెనం ముందు నిలబడ్డాను. ఎడమ కాలికి మోకాలి లోపలి వైపు నుంచి పిక్క దాకా నరాలు మెలికలు తిరిగి ఉబ్బిపోయాయి, వేరికోస్ వెయిన్స్ అంటారు. సాయంత్రానికి కాలు బరువెక్కేది, రాత్రిళ్లు పిక్క పట్టేసేది. చీలమండ లోపలి వైపు చర్మం నల్లబడి దురద మొదలయ్యాక భయం వేసింది. అక్కడే పుండు పడుతుందని, పడితే ఒక పట్టాన మానదని తర్వాత తెలిసింది. పోయిన డిసెంబరులో లేజర్ చేయించుకున్నాను, అంటే పాడైన సిరని లోపలి నుంచి వేడితో మూసేయడం. మా బజారులో బట్టల కొట్లలో పనిచేసే పిల్లలు, సెలూన్ అతను ఎలా జరిగిందని అడుగుతూనే ఉన్నారు. వాళ్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో తెలియాలి. మనం వీటిని నరాలు అంటాం. ఆ మాట పట్టుకుని నేను నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాను, ఏడాదిన్నర బి కాంప్లెక్స్ బిళ్లలు మింగాను. ఇవి సిరలు, గుండెకి రక్తాన్ని తిరిగి మోసుకెళ్లే గొట్టాలు. లోపల చిన్న తలుపుల్లాంటి కవాటాలు ఉంటాయి. అవి సరిగ్గా మూసుకోకపోతే పైకి వెళ్లాల్సిన రక్తం కిందికి జారి నిలిచిపోతుంది. దీన్ని చూడాల్సింది వాస్క్యులర్ సర్జన్, అంటే రక్తనాళాల డాక్టరు.

రెండోది డాప్లర్ స్కాన్, సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపించేది. దీని దగ్గర మాత్రం తొందరపడకండి. నేను మొదట వెళ్లిన ఆసుపత్రిలో పడుకోబెట్టి ఐదు నిమిషాల్లో తీసేసి, రెండు కాళ్లకీ రేపే చేసేద్దాం అన్నారు. మా ఆయన వద్దని ఇంకోచోటికి తీసుకెళ్లారు. అక్కడ బల్ల మీద నిలబెట్టి, బరువు రెండో కాలి మీద వేయమని, పిక్క నొక్కి వదులుతూ గజ్జల నుంచి చీలమండ దాకా చూశారు. నొక్కి వదిలాక రక్తం అర సెకను కంటే ఎక్కువసేపు వెనక్కి జారితే కవాటం పనిచేయడం లేదని లెక్క. ఎడమ కాల్లో అలాగే ఉంది. కుడి కాల్లో కవాటాలు బాగానే ఉన్నాయి, కాలిని బిగించి పట్టే పొడవాటి మేజోడు, అదే స్టాకింగ్, చాలన్నారు.

స్కాన్ అయ్యాక రెండు సంగతులు అడిగి రాయించుకోండి. లోపలి పెద్ద సిరల్లో పాత రక్తం గడ్డలేమైనా ఉన్నాయా? కాలి రక్తంలో దాదాపు 90 శాతం వాటి గుండానే పైకి వెళ్తుంది, అవి బాగుంటేనే చర్మం కింద పాడైన సిరని మూయవచ్చు. రక్తం జారుతున్నది తొడ లోపలి వైపు దిగే గ్రేట్ సఫీనస్ సిరలోనా, పిక్క వెనక ఉండే స్మాల్ సఫీనస్‌లోనా? లేజర్ తీగ వెళ్లేది ఆ తిన్నని సిరలోకే. బయటికి కనిపించే మెలికల్లో అది దూరలేదు. వాటిని చిన్న గాట్లు పెట్టి తీస్తారు, లేదా తర్వాత వాటిని మూసే నురుగు మందు ఇంజెక్షన్ ఇస్తారు. ఆ ఖర్చు చెప్పిన ప్యాకేజీలో ఉందో లేదో అప్పుడే తేల్చుకోండి.

ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ కాగితం తీసి చూడండి. చాలా పాలసీల్లో ఈ జబ్బుకి రెండేళ్లు ఆగాలి. మాది పద్నాలుగో నెల, క్లెయిమ్ రాలేదు. చీటీ డబ్బులతో కట్టుకున్నాం.

ఆపరేషన్ రోజు నిలబెట్టి మార్కర్‌తో సిర గీశారు. మోకాలి దగ్గర సూది రంధ్రం చేసి, స్కాన్‌లో చూస్తూ తీగని గజ్జల వైపు పంపారు. తర్వాత సిర పొడవునా మత్తుమందు కలిపిన చల్లటి సెలైన్ ఎక్కించారు. నొప్పి అంటే ఆ సూదులదే, ఏడెనిమిది పోట్లు. లేజర్ వేడి చర్మానికి, పక్కనున్న స్పర్శ నరానికి తగలకుండా ఆ నీళ్లే కాపాడతాయి. లేజర్ మాత్రం కొన్ని నిమిషాలే. కళ్లద్దాలు పెట్టారు, నోట్లో కాస్త మాడు రుచి తగిలింది. మొత్తం గంటలోపే. లేవగానే అరగంట వరండాలో నడిపించారు. రక్తం గడ్డ కట్టకుండా ఉండాలంటే ఆ నడక తప్పదు. రక్తం పలచబడే బిళ్లలు వాడేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. పాదానికి రక్తం సరిగ్గా అందకపోతే గట్టి స్టాకింగ్ వేయకూడదు, అందుకే పాదంలో నాడి చూస్తారు.

ఇక స్టాకింగ్. నాకు మొదటి రెండు రోజులు రాత్రీ పగలూ, తర్వాత రెండు వారాలు పగలంతా వేసుకోమన్నారు, బిగుతులో క్లాస్ 2 రకం. ఎండాకాలంలో మా ఊళ్లో, అందులోనూ పొయ్యి దగ్గర, తొడ దాకా అది వేసుకుని ఉండలేం. అందుకే నేను డిసెంబరు దాకా ఆగాను. పుండు పడ్డవాళ్లు మాత్రం కాలం చూసుకుని ఆగకూడదు. కొలత పొద్దున్నే, వాపు లేనప్పుడు ఇవ్వండి. మంచం దిగకముందే వేసుకోండి. వేళ్ల దగ్గర తెరిచి ఉన్న రకమైతే పాదానికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి దాని మీంచి ఎక్కించి, తర్వాత కవరుని వేళ్ల వైపు నుంచి లాగేయాలి. గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులతో పట్టుకుంటే జారదు, గోరు తగిలి చిరగదు. మొదటి రోజు మా అమ్మాయి, నేను కలిసి ఇరవై నిమిషాలు కుస్తీ పట్టాం. వారం తిరిగేసరికి అది రెండు నిమిషాల పని అయింది. చేత్తో ఉతికి, పిండకుండా నీడలో ఆరేయండి.

ఐదో రోజు నుంచి తొడ లోపల తాడు కట్టి లాగినట్టుంటుంది. టెన్షన్ పడకండి, మూసుకున్న సిర గట్టిపడుతున్నందువల్ల అది. కమిలిన మచ్చలు రెండు మూడు వారాల్లో పోయాయి. చీలమండ దగ్గర కొద్దిగా తిమ్మిరి మూడు నెలలుంది. కానీ పిక్క గట్టిపడి వాచినా, ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ వచ్చినా అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆపరేషన్ అయిన వారం తర్వాత మళ్లీ డాప్లర్ తీసి సిర మూసుకుందో లేదో, లోపల గడ్డ ఉందో లేదో చూస్తారు. నొప్పి లేదు కదా అని దాన్ని మానేయకండి.

పన్నెండో రోజు పెనం దగ్గరికి వచ్చాను. ఇప్పుడు పక్కన ఎత్తు స్టూలు ఉంది, పిండి అయ్యేలోగా రెండుసార్లు కూర్చుంటాను. దోసె కాలేలోపు మడమలు ఎత్తి దించుతూ ఉంటాను, పిక్క కండరం అలా రక్తాన్ని పైకి తోస్తుంది. కుడి కాలికి మోకాలి దాకా ఉండే స్టాకింగ్ రోజూ పొయ్యి వెలిగించకముందే వేసుకుంటున్నాను.