కంప్యూటర్‌తో ఫిజిక్సు లెక్కలు – 4: రెండు లైన్ల తగువు

పోయినసారి స్ప్రింగు లెక్క చాలామందిని ఏడిపించింది. కిలో బరువు, స్ప్రింగు స్థిరాంకం 1, మీటరు లాగి వదిలాం, ఘర్షణ లేదు. కాలాన్ని 0.1 సెకను చొప్పున (దాన్నే అడుగు అంటున్నాం) జరుపుతూ పది సెకన్లు నడపమన్నాను. కొందరికి ఊపు పోనుపోను పెరిగి 1.6 మీటర్లకు చేరింది. ఇంకొందరికి చక్కగా ఊగింది. తమాషా ఏమిటంటే, ఊపు పెరిగినవాళ్లే నేను చెప్పినట్టు రాశారు. చక్కగా వచ్చినవాళ్లది పొరపాటు!

నేను చెప్పింది ఆయిలర్ పద్ధతి, అంటే కదలికను చిన్న చిన్న అడుగులుగా కట్టుకుంటూ పోవడం. అందులో ప్రతి అడుగుకీ పాత స్థానం, పాత వేగంతోనే కొత్తవి రెండూ కట్టాలి. మొదటి అడుగులో స్థానం 1 గానే ఉండి వేగం −0.1 అవుతుంది. శక్తి 0.5 జౌళ్ల నుంచి 0.505కి, ఆ తర్వాత 0.51005కి. అడుగడుక్కీ ఒక శాతం, అదీ చక్రవడ్డీ. నూరు అడుగులకు 1.35. అడుగును 0.01కి తగ్గించినా పది సెకన్లలో పది శాతం పెరుగుతుంది.

పొరపాటు చేసినవాళ్ల లైన్లు ఇవి (పైథాన్ 3లో తెలుగు పేర్లు నడుస్తాయి, నాకు అవే ఇష్టం):

వేగం = వేగం - స్థానం * అడుగు
స్థానం = స్థానం + వేగం * అడుగు

ఇక్కడ సమాన గుర్తు సమానం కాదండీ, పలక మీద చెరిపి రాయడం. ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడే జారుతున్నారు. మొదటి లైను అయ్యేసరికి పాత వేగం చెరిగిపోయింది. రెండో లైనులో ఉన్నది −0.1, సున్నా కాదు. కాబట్టి స్థానం 0.99. ఈ చిన్న తేడాతో శక్తి 0.47, 0.53 మధ్యే ఊగిసలాడుతుంది, ఎంతసేపు నడిపినా అంతే. లైన్లు తిరగేసినా, రెండో లైను కొత్త విలువనే వాడుకుంటే ఫలితం ఇలాగే ఉంటుంది. అలా తిరగేసినప్పుడు త్వరణాన్ని (ఇక్కడ −స్థానం) ముందే లెక్కగట్టి దాచారో, మళ్లీ మొదటికొస్తారు.

అమెరికా ఫిజిక్సు ప్రొఫెసర్ అలన్ క్రోమర్ 1981లో దీని మీద వ్యాసం రాశారు. అప్పుడూ ఇది బయటపడింది ఓ హైస్కూలు విద్యార్థిని పొరపాటు వల్లే. ఇకనుంచి మనం వాడేది ఇదే.

నేనైతే గ్రాఫు గీయకముందే శక్తిని ప్రింటు చేస్తాను. గ్రాఫు అందంగా ఉండి మోసం చేస్తుంది.

అభ్యాసం: మీటరు పొడవు లోలకాన్ని 60 డిగ్రీల నుంచి వదలండి. కోణం సున్నా దాటే క్షణాలు పట్టుకుని ఆవర్తన కాలం కట్టండి. 2.15 సెకన్లు రావాలి. 2.01 వచ్చిందంటే సైను పెట్టాల్సిన చోట ఉత్త కోణం పెట్టేశారన్నమాట.