ఫ్రీ పాస్కల్‌లో మొదటి ప్రోగ్రాం: ధాన్యం లెక్క

వేసవి సెలవుల్లో మా తెనాలి వీధి పిల్లలు కోడింగ్ నేర్పమని వస్తుంటారు. అందరూ పైథాన్ పేరు విని వచ్చినవాళ్లే. నేను మాత్రం పాస్కల్ భాషకు ఉచిత కంపైలరైన ఫ్రీ పాస్కల్‌తోనే మొదలుపెడతాను. కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రాంను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్. పాస్కల్‌ని నిక్లాస్ విర్త్ 1970లో తెచ్చిందే చదువు చెప్పడానికి. వేరియబుల్ (విలువ దాచుకునే చోటు) పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా, ప్రోగ్రాం నడవక ముందే కంపైలర్ పట్టేస్తుంది. కొత్తవాళ్లకు ఇంతకన్నా మేలు ఏముంటుంది?

ఫ్రీపాస్కల్ డాట్ ఆర్గ్ నుంచి విండోస్ ఇన్‌స్టాలర్ దించుకోండి, ఉచితమే. ఫోల్డర్ ఏది చూపిస్తే దాన్నే ఉంచేయండి. తెరవగానే నీలం తెర వస్తుంది. ల్యాబ్‌లో టర్బో సీ వాడినవాళ్లకు చుట్టం కనబడినట్టే ఉంటుంది.

ఇదీ ప్రోగ్రాం. ధాన్యం బస్తాలెన్నో, బస్తా ధరెంతో తీసుకుని, గుణించి మొత్తం చూపిస్తుంది. ఇంటిజర్ అంటే పూర్ణాంకం. అచ్చు కోసం తెలుగులో రాశాను, మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే (var, integer, begin, readln, writeln, end) కొట్టాలి. ఈ తెరలో తెలుగు సరిగా రాదు.

వార్ బస్తాలు, ధర, మొత్తం: ఇంటిజర్;
బిగిన్
రీడ్‌ఎల్‌ఎన్(బస్తాలు, ధర);
మొత్తం := బస్తాలు * ధర;
రైట్‌ఎల్‌ఎన్(మొత్తం);
రీడ్‌ఎల్‌ఎన్;
ఎండ్.

విలువ ఇచ్చేటప్పుడు సమానం గుర్తుకు ముందు కోలన్ ఉండాలి. ఎండ్ తర్వాత ఫుల్‌స్టాప్. చివరి రీడ్‌ఎల్‌ఎన్ మీరు ఎంటర్ నొక్కేదాకా ఆగుతుంది, అది లేకపోతే జవాబు కనబడీ కనబడకముందే తెర మాయమవుతుంది.

ఎఫ్2తో సేవ్ చేసి, కంట్రోల్ పట్టుకుని ఎఫ్9 నొక్కితే కంపైలయి నడుస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి, లేకపోతే సౌండో, వెలుతురో మారుతుంది.

ఇప్పుడు కావాలనే 3వ లైను చివర సెమికోలన్ తీసేసి మళ్లీ నడపండి. కంపైలర్ 4వ లైను దగ్గర ఆగి, సెమికోలన్ ఉండాల్సిన చోట ‘మొత్తం’ వచ్చిందంటుంది. పిల్లలు 4వ లైనునే చూస్తూ కూర్చుంటారు, అందులో తప్పేమీ ఉండదు కదా! పై లైను ముగియలేదని కంపైలర్‌కు తెలిసేది తర్వాతి మాట చదివాకే. అందుకే చూపించిన లైనుతో పాటు దాని పై లైను కూడా చూడాలి. ఎర్రర్లు చాలా వచ్చినా టెన్షన్ పడకండి. మొదటిది సరిచేసి మళ్లీ కంపైల్ చేస్తే మిగతావాటిలో సగం వాటంతటవే పోతాయి.

సెమికోలన్ తిరిగి పెట్టి నడపండి. 40 అని, ఖాళీ వదిలి 1750 అని కొట్టి ఎంటర్ నొక్కండి. 40 బస్తాలు, బస్తా 1,750 రూపాయలు. రావాల్సింది 70,000. వచ్చేది 4,464!

మామూలు సెట్టింగ్‌లో ఈ కంపైలర్ ఇంటిజర్‌కు 16 బిట్లే ఇస్తుంది, అంటే మొత్తం 65,536 విలువలకే చోటు. 32,767 దాటితే పట్టదు. 70,000లోంచి 65,536 పోగా మిగిలిందే తెర మీదికొచ్చింది. రాసిన తీరు సరిగ్గా ఉంది కాబట్టి కంపైలర్ నోరెత్తలేదు. లెక్క మీరే చూసుకోవాలి. కనీసం అడ్డం పడేలా చేయాలంటే, ప్రోగ్రాం మొట్టమొదట మీసాల బ్రాకెట్ల మధ్య డాలర్ గుర్తు, ఇంగ్లీషు ఆర్, ప్లస్ పెట్టండి. అప్పుడు తప్పు అంకె చూపించకుండా 201 నంబరు ఎర్రర్‌తో ఆగిపోతుంది. నేను నేర్పే ప్రతి ప్రోగ్రాంలో ఈ లైను పెట్టిస్తాను.

అసలు మందు మాత్రం ఇంటిజర్ తీసేసి, పెద్ద అంకెలు పట్టే లాంగ్‌ఇంట్ (longint) అని రాయడం. 214 కోట్ల దాకా ఢోకా లేదు, తెనాలి రైతుకు అంతకు మించి అక్కర్లేదు. మళ్లీ నడిపితే 70,000 వస్తుంది.

సేవ్ చేసిన ఫైలు పేరుతోనే ఈఎక్స్ఈ ఫైలు కూడా తయారై ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వేరే విండోస్ కంప్యూటర్లో పెట్టినా, అక్కడ పాస్కల్ లేకుండానే నడుస్తుంది.