మబ్బుతో పోటీకి వెళ్లేటప్పుడు నేను చేసేవి, మానేసినవి

గుర్రానికి అది పోటీ అని తెలీదు. మా గుర్రం మబ్బుకి ఆ రోజు తెలిసేవి రెండే: ఎప్పుడూ చూడని చోటు, ఎప్పటిలా లేని నేను. చోటు నా చేతుల్లో లేదు కాబట్టి రెండో దాని మీదే నా కసరత్తంతా. వాడికి పద్నాలుగేళ్లు, తెల్లబడిపోయిన బూడిదరంగు, కాస్త పొట్టి అంగ. మేం దిగేది 80 సెంటీమీటర్ల షో జంపింగ్‌లో, అంటే ఆ ఎత్తు కంచెల మీది కర్రలు (బార్లు) పడకుండా వరసగా దూకే పోటీలో. వారమంతా ఆఫీసు, వారాంతంలో పోటీ. మీదీ ఇదే పరిస్థితైతే ఇది మీకు పనికొస్తుంది.

ముందు వారంలో కొత్తదేదీ మొదలుపెట్టొద్దు. లాడాలు కొట్టించాల్సి ఉంటే వారం పది రోజుల ముందే కొట్టించేయండి. మేకు కొంచెం తేడాగా దిగి కుంటినా సర్దుకునే వ్యవధి ఉంటుంది. కొత్త జీను, కొత్త కళ్లెం, మీ కొత్త బూట్లు ఏవీ ఆ రోజు బోణీ చేయకండి. నేనోసారి కొత్త బూట్లతో వెళ్లి, మడమ ఒరుసుకుపోయి, రికాబులో కాలు కిందికి దించలేక నానా అవస్థ పడ్డాను. కాలు బిగుసుకుంటే మబ్బు అదేదో సైగ అనుకుని పరిగెత్తాడు. వాడి తప్పేం లేదు.

ట్రైలర్ సంగతి. పోటీకి మాత్రమే ట్రైలర్ ఎక్కిస్తే గుర్రం లెక్క కట్టేస్తుంది. అందుకే వారం మధ్యలో ఓ సాయంత్రం ఎక్కించి, లోపల నాలుగు పరకలు తిననిచ్చి, దించేస్తాను. అంతే, ఎక్కడికీ వెళ్లం.

ముందురోజు స్నానం. తెల్ల గుర్రం ఉన్నవాళ్లకు ఈ బాధ చెప్పక్కర్లేదు. ఎంత తోమి దుప్పటి కప్పినా, తెల్లారేసరికి సరిగ్గా వెనక కాలి మడత దగ్గర, లద్దె మీద పడుకున్న గుర్తు, అరచేతి వెడల్పున పసుపుపచ్చ మరక. మొత్తం మళ్లీ కడగొద్దు. తడిగుడ్డతో వెంట్రుక వాలు వెంబడి తుడిచి, పొడి తువ్వాలుతో ఒత్తండి. మిగిలిన చాయ దూరానికి కనపడదు. జంపింగ్‌లో బారు పడిందా లేదా అన్నదే లెక్క, కాలి తెలుపుకి మార్కుల్లేవు.

జూలుకు జడలు వేసేవాళ్లు మరీ బిగించొద్దు. మొదటి పోటీకి అందంగా ఉండాలని లాగి లాగి వేశాను. వాడు మెడ వంచలేక, కంచె ముందు తల పైకెత్తి, నాలుగు బార్లు రాల్చాడు. ఒక్కో బారుకి 4 పెనాల్టీలు, మొత్తం 16. ఇప్పుడు వదులుగానే వేస్తాను. లేదా అసలు వేయను.

తిండి దగ్గర మాత్రం రాజీ లేదు. గుర్రం పొట్ట దాని ఒంటికి చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లే పడుతుంది. తిన్నా తినకపోయినా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. ఖాళీ కడుపుతో దూకిస్తే ఆ ఆమ్లం పైకి చిమ్మి పుళ్లు పడొచ్చు. కాబట్టి దాణా ముందే ముగించినా, ఎండుగడ్డి మాత్రం దారిపొడుగునా వల సంచిలో వేలాడాలి. వాడికి అలవాటైన గడ్డే, అలవాటైన నీళ్లే. నీటి వాసన మారిందని మూతి కూడా ముంచని గుర్రాలు చాలా ఉన్నాయి, మావాడు వాటిలో మొదటివాడు. రెండు పెద్ద క్యాన్లు ఇంటినుంచే మోసుకెళ్తాను.

చేరాక పేరు నమోదుకి పరిగెత్తకండి. ముందు గుర్రాన్ని దించి పావుగంట చేత్తో నడిపించండి. స్పీకర్లు, జెండాలు, గొడుగులు, ఎవరిదో కుక్క, అన్నీ చూడనివ్వండి. ఆ నడకలో నేను పగ్గం వదులుగా పట్టుకుని కావాలనే ఆవలిస్తాను. చూసేవాళ్లు నవ్వుకుంటారు. మబ్బు మాత్రం రెండో ఆవలింతకల్లా తల దించుతాడు. వాడి మామూలు నాడి నిమిషానికి 36. దవడ ఎముక కింద వేలు పెట్టి చూస్తాను. నిలకడగా ఉన్న గుర్రానికి 28 నుంచి 44 మధ్య ఉండాలి. మీ గుర్రానిది ఎంతో ఇంటిదగ్గరే ఓ నాలుగు రోజులు రాసి పెట్టుకోండి, లేకపోతే అక్కడ కనిపించే అంకెకు అర్థం ఉండదు.

ఇక అసలు పని, కాలినడకన దారి చూసుకోవడం. ఇక్కడ మాటలు కట్టిపెట్టండి. గుర్రం క్యాంటర్‌లో (మెల్లని దౌడులో) వేసే ఒక అంగ సుమారు 3.6 మీటర్లు, అంటే 90 సెంటీమీటర్ల అడుగులు నాలుగు. నా అడుగు అంత రావడానికి నేల మీద టేపు పరుచుకుని నెల రోజులు నడిచాను. రెండు కంచెల మధ్య 20 అడుగులు వచ్చాయనుకోండి. దిగడానికి రెండు, లేవడానికి రెండు తీసేయండి. మిగిలిన 16ని నాలుగుతో భాగిస్తే నాలుగు అంగలు. పొట్టి అంగ మబ్బుకి ఆ నాలుగు సాగదీసినట్టుంటాయి. కాబట్టి ముందుకు తోలాలా, హాయిగా ఐదు వేయించాలా అన్నది అక్కడే, నేల మీద నిలబడి తేల్చుకుంటాను. గుర్రం మీద కూర్చున్నాక తేలదు.

కంచెలను మాత్రమే చూస్తే దారి తెలిసినట్టు కాదు. మలుపులు కూడా నడవండి. ఎర్ర జెండా కుడివైపు, తెల్ల జెండా ఎడమవైపు ఉండేలా దూకాలి. బయటికొచ్చి కళ్లు మూసుకుని వరస ఒకసారి చెప్పుకోండి. ఓసారి అది చేయకుండా వెళ్లి, ఐదో కంచె తర్వాత ఎదురుగా కనిపించిన ఎనిమిదో దాని మీదుగా ఎంతో చక్కగా దూకాం. గంట మోగింది, బయటికి పంపేశారు. మబ్బు చెవులు నిక్కించుకుని గర్వంగా బయటికొచ్చాడు. వాడికేం తెలుసు!

వార్మప్‌లో చాలామంది గుర్రాన్ని అక్కడే పిండేస్తారు. నాదీ అదే జబ్బు. భయం పోయేదాకా దూకించేదాన్ని. పోయేది నా భయం కాదు, వాడి ఊపు. ఇప్పుడు వెనక్కి లెక్కేస్తాను. ఒక్కో గుర్రానికి రెండు నిమిషాలనుకుంటే, నా ముందు పదిహేను మంది ఉన్నప్పుడు ఎక్కాలి. పది నిమిషాలు నడక, తర్వాత రెండు వైపులా ట్రాట్ (నడకకీ దౌడుకీ మధ్య పరుగు), క్యాంటర్, ఆపైన ఆరు దూకులు. చివరిది పోటీ ఎత్తులో. అది బాగా వస్తే ఏడోది వద్దు. ఎదురొచ్చేవాళ్లతో ఎడమ భుజం ఎడమ భుజానికి వచ్చేలా తప్పుకోండి. తోకకు ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటే అది తన్నే గుర్రం, దూరంగా ఉండండి. రింగులోకి వెళ్లే ముందు పొట్ట పట్టీ ఇంకోసారి చూసుకోండి, ఒక రంధ్రం వదులయ్యే ఉంటుంది.

రింగులో చెప్పడానికి పెద్దగా లేదు. గంట మోగకముందు మొదలుపెట్టొద్దు. మోగాక సాధారణంగా 45 సెకన్లుంటాయి, తొందరేం లేదు. నేను జడ్జికి సెల్యూట్ చేశాక ఒకసారి గట్టిగా ఊపిరి వదులుతాను. నా ఊపిరితోపాటే వాడి వీపు మెత్తబడడం జీను కింద తెలుస్తుంది. ఆగిపోతే కొట్టకండి. 4 పెనాల్టీలు ఎలాగూ పడ్డాయి, కుదురుగా తిప్పి తిన్నగా తీసుకురండి. రెండోసారీ ఆగాడంటే చాలా చోట్ల బయటికే.

బయటికొచ్చాక ఫలితం బోర్డు దగ్గరికి వెళ్లేది నేను కాదు, నాతో వచ్చినవాళ్లు. నేను దిగి, పట్టీ వదులు చేసి, ఊపిరి మామూలయ్యేదాకా వాడిని నడిపిస్తాను. వేడిగా ఉంటే నీళ్లు పోస్తూనే ఉండాలి, ఆపకుండా. తాగడానికి వెంటనే ఇవ్వొచ్చు, తాగనివ్వండి.

ఇంటికొచ్చాక నాలుగు కాళ్లూ మోకాలి నుంచి కిందికి అరచేత్తో తడమండి. మర్నాడు పొద్దున్నే మళ్లీ, రాత్రి కాళ్లకు చుట్టిన కట్టు విప్పాక. ఒక కాలు మిగతావాటికంటే వెచ్చగా తగిలితే ఆ వారం సవారీ లేదు. మొన్నటిసారి వాడి ముందు ఎడమ కాలు కాస్త వెచ్చగా అనిపించి, చదునైన నేల మీద ట్రాట్ చేయించి చూశాను. కుంటలేదు. అయినా నాలుగు రోజులు నడకే. ఐదో రోజు జీను తెచ్చేసరికి గడ్డి నములుతూ వాడే తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.