పాలపంటి పుచ్చుకు కొత్త వైద్యాలు: ఏది ఎప్పుడు చేయించాలి

పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే కదా, వాటికి వైద్యం ఎందుకని అనుకునేవారు తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ముందుపళ్ళ విషయంలో ఆ మాట కొంతవరకు చెల్లుతుంది గాని, పాల దవడపళ్ళు పది, పన్నెండేళ్ళ వయసు వరకు నోట్లో ఉండవలసినవి. నాలుగేళ్ళకే పుచ్చిన దవడపన్నును అలాగే వదిలేస్తే బిడ్డ ఏళ్ళ తరబడి ఒకవైపే నమలుతూ, రాత్రిళ్ళు నొప్పితో లేస్తూ గడపవలసి వస్తుంది. తొందరపడి పీకిస్తే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి జరిగి, తరువాత రావలసిన శాశ్వత దంతానికి చోటు లేకుండా చేస్తాయి. కాబట్టి వైద్యం చేయించవలసిందే. పుచ్చు ఎంత లోతుకు పోతే ఏ వైద్యం పనికివస్తుంది, బిడ్డ భయం ఎంత ఉంటే ఏ ఏర్పాటు చాలుతుంది అన్న రెండు సంగతులూ తెలుసుకుని వెళితే డాక్టరుగారితో మాట్లాడటం సులువవుతుంది.

బి.డి.ఎస్. తరువాత మూడేళ్ళు పిల్లల దంతవైద్యంలోనే ఎం.డి.ఎస్. చదివినవారిని పీడోడాంటిస్టు అంటారు. తిరుపతిలో ఖర్చు గురించి ఆలోచించేవారు రేణిగుంట రోడ్డులోని సి.కె.ఎస్. తేజ దంతవైద్య కళాశాల వంటి చోట పిల్లల విభాగంలో విచారించవచ్చు. చిత్తూరువారికి వేలూరు కూడా దగ్గరే. దంతవైద్య కళాశాలలో సాధారణంగా ఖర్చు తక్కువ, సమయం ఎక్కువ పడుతుంది.

వెళ్ళేముందు ఇంట్లోనే గమనించవలసింది ఒకటుంది. తీపిగాని చల్లనివిగాని తగిలినప్పుడు మాత్రమే చురుక్కుమని, కాసేపటికి తగ్గిపోతుంటే లోపలి నరం ఇంకా బాగానే ఉండే అవకాశం ఉంది. ఏ కారణమూ లేకుండా నొప్పి రావడం, నిద్రలో నుంచి లేచి ఏడవడం, చిగురుపై చీముపొక్కు కనిపించడం, బుగ్గ వాయడం వంటివి ఉంటే నరం దాకా చేరిందని అనుమానించాలి. ఈ తేడాను చూసినట్టుగా డాక్టరుగారికి చెప్పండి, ఎందుకంటే కింద చెప్పబోయే సూదిలేని వైద్యాలు రెండూ నరం బాగున్న పంటికే పనికివస్తాయి. చివరి మాట ఎక్స్‌రే చూశాకే.

మొదటిది సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. 38 శాతం గాఢత ఉన్న ఈ ద్రవంలో వెండి క్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడిన పంటిని గట్టిపరుస్తుంది. పెదవులకు వాసలీన్ రాసి, పంటి చుట్టూ దూది పెట్టి తడి లేకుండా చేసి, చిన్న బ్రష్షు కొనతో ఒక్క చుక్క తీసుకుని పుచ్చుపై సుమారు ఒక నిమిషం అద్దుతారు. డ్రిల్లూ సూదీ ఏవీ ఉండవు; నాలుకకు కాస్త లోహపు రుచి తగలవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీనిని అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. అయితే పుచ్చిన భాగం శాశ్వతంగా నల్లబడుతుంది. ఇది లోపం కాదు, మందు పనిచేసిందనడానికి గుర్తు. కాని ముందుపన్ను నల్లగా మారితే ఇంటిల్లిపాదీ అడుగుతారు కాబట్టి, పూయించకముందే ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పి ఒప్పించుకోవడం మంచిదని నా అభిప్రాయం. చర్మానికి అంటిన మరక వారం రెండు వారాలలో పోతుంది, బట్టలకు అంటితే పోదు. ఆ రోజు బిడ్డకు పాత చొక్కా వేయండి. వెండి పడనివారికి ఈ మందు వాడకూడదు. సాధారణంగా ఆరు నెలలకొకసారి మళ్ళీ పూస్తారు. ఒక్కసారి పూయించి మరచిపోతే పుచ్చు మళ్ళీ మొదలయ్యే ప్రమాదం ఉంది.

రెండవది హాల్ పద్ధతి. స్కాట్లాండులో పనిచేసిన నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు ఏళ్ళ తరబడి ఈ విధంగా క్యాపులు వేశారు. ఆమె రికార్డుల ఆధారంగా 2006లో వెలువడిన అధ్యయనంతో ఇది ప్రపంచానికి తెలిసింది. పుచ్చును గీకకుండా, పంటిని అరగదీయకుండా, తయారుగా ఉన్న స్టీలు క్యాపులో సిమెంటు నింపి దవడపంటిపై గట్టిగా తొడుగుతారు. లోపల మూతపడిన క్రిములకు తిండి అందక పుచ్చు ఆగిపోతుంది. పళ్ళు బాగా ఇరుకుగా ఉంటే కొద్దిరోజుల ముందు పంటికి అటూ ఇటూ చిన్న రబ్బరు రింగులు దూర్చి పంపుతారు; అవి ఊడిపోతే డాక్టరుకు ఫోను చేసి చెప్పాలి. క్యాపు వేసిన కొత్తలో పళ్ళు కలవకుండా ఎత్తుగా ఉన్నట్టు బిడ్డ చెబుతాడు. కొద్ది వారాలలో అది సర్దుకుంటుంది. అంతవరకు ఇడ్లీ, పప్పన్నం వంటి మెత్తనివి పెట్టండి. స్టీలు రంగు నచ్చనివారు తెల్లటి జిర్కోనియా క్యాపు అడుగుతారు గాని, దానికి పంటిని ఎక్కువగా అరగదీయాలి, ఖర్చు కూడా ఎక్కువ.

నరం దాకా పోయిన పంటికి పరిస్థితిని బట్టి పైభాగపు నరం మాత్రమే తీసి ఎం.టి.ఏ. వంటి మందు పెట్టడమో, పూర్తి రూట్ కెనాలో చేసి క్యాపు వేస్తారు. పీకక తప్పకపోతే ఖాళీ మూసుకుపోకుండా స్పేస్ మెయింటైనర్ అవసరమా అని అడగండి.

ఇక భయం సంగతి. అన్నం తినకపోతే డాక్టరు దగ్గర సూది వేయిస్తానని ఇంట్లో బెదిరించిన బిడ్డ ఆ కుర్చీలో నోరు తెరవడు. సూది, రక్తం, నొప్పి అనే మాటలు ఎత్తకుండా, పళ్ళు లెక్కపెట్టడానికి వెళుతున్నామని చెబితే చాలు. చెప్పడం, చూపించడం, ఆ తరువాతే చేయడం అన్న క్రమాన్ని పిల్లల డాక్టర్లు పాటిస్తారు. మూడేళ్ళలోపు బిడ్డనైతే తల్లీ డాక్టరూ మోకాళ్ళు తగిలేలా ఎదురెదురుగా కూర్చుని, తల డాక్టరు ఒడిలో ఉండేలా పడుకోబెట్టి చూస్తారు. కల్యాణకట్టలో తలనీలాలకు పట్టుకున్నట్టు నలుగురూ కలిసి బిడ్డను అదిమిపట్టే పద్ధతిని మాత్రం మీరు అడగవద్దు, ఒప్పుకోవద్దు.

సూది తప్పనప్పుడు ముందుగా చిగురుపై మత్తు జెల్ పూస్తారు. మందును నిదానంగా, సమానంగా ఎక్కించే కంప్యూటర్ పరికరాలు కూడా వచ్చాయి. పళ్ళు వచ్చే నొప్పికని రెండేళ్ళలోపు పిల్లలకు బెంజోకెయిన్ అనే మత్తు జెల్‌ను మీరే కొని పూయకండి. అది రక్తంలో ప్రాణవాయువు అందకుండా చేయగలదు.

భయం ఎక్కువగా ఉండి, మాట వినగలిగే బిడ్డకు నైట్రస్ ఆక్సైడ్ సరిపోతుంది. లాఫింగ్ గ్యాస్ అంటే అందరికీ తెలుస్తుంది. ముక్కుపై చిన్న మాస్కు పెట్టి ఆక్సిజన్‌తో కలిపి ఇస్తారు. బిడ్డ నిద్రపోడు, తేలికగా ఉండి పిలిస్తే పలుకుతాడు. చివర సుమారు ఐదు నిమిషాలు వట్టి ఆక్సిజన్ ఇస్తే ప్రభావం దిగిపోతుంది. ఇది ముక్కుతో పీల్చవలసినది కాబట్టి జలుబు చేసి ముక్కు దిబ్బడగా ఉంటే ముందుగానే ఫోను చేసి తేదీ మార్చుకోండి. దీనితో తిమ్మిరి సూది అవసరం తీరిపోదు, సూదికి బిడ్డ సహకరిస్తాడు.

చాలా చిన్న వయసులో నోటినిండా పుచ్చుపళ్ళున్న బిడ్డకూ, ఆటిజం వంటి పరిస్థితుల వల్ల కుర్చీలో కూర్చోలేని బిడ్డకూ పూర్తి మత్తులో ఒకేసారి అన్నీ చేయడం మేలు కావచ్చు. మత్తు డాక్టరు ఎవరు, ఆక్సిజన్ స్థాయి చూసే పరికరం ఉందా, అవసరమైతే ఆసుపత్రిలో ఉంచే వీలుందా అని నిలదీసి అడగడం మీ హక్కు. సాధారణంగా ఆరు గంటల ముందు నుంచి తేలికపాటి తిండి, పాలు, నాలుగు గంటల ముందు నుంచి తల్లిపాలు, రెండు గంటల ముందు నుంచి నీళ్ళు కూడా ఇవ్వరాదు. పీలేరు నుంచో పలమనేరు నుంచో తెల్లవారుజామున బయలుదేరే ఇంట్లో, బిడ్డ ఆకలితో పోతాడని అవ్వ చాటుగా గ్లాసెడు పాలు తాగించడం జరుగుతూ ఉంటుంది. అలా తాగిస్తే దాచకుండా చెప్పాలి. మత్తులో వాంతి ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

తిమ్మిరి సూది వేయించుకున్న బిడ్డ పెదవి రెండు మూడు గంటలు మొద్దుబారి ఉంటుంది. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు దాన్ని కొరుక్కోకుండా, గిల్లుకోకుండా చూస్తూ ఉండండి, తిమ్మిరి దిగేదాకా నమిలే పదార్థమేదీ పెట్టకండి. ఆ తరువాత ఏ రోజైనా ముఖం వాచి జ్వరం వస్తే, మింగడానికో ఊపిరి తీయడానికో బిడ్డ ఇబ్బంది పడితే, రాత్రయినా సరే రుయా వంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళాలి.