వరిలో అగ్గి తెగులును గుర్తించి మందు కొట్టడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్ వైపు ఏటా ఇదే వరస. ఆకు మీద మచ్చ కనపడగానే మందు షాపుకు వెళ్లడం, అక్కడిచ్చిన మూడు డబ్బాలూ ఒకే ట్యాంకులో కలిపి కొట్టేయడం. ముందు ఆ మచ్చ దేనిదో తేల్చుకోండి.

భూతద్దం, పాలిథిన్ కవరు, పాత న్యూస్‌పేపరు, గాజు గ్లాసు ఉంటే చాలు. గట్టు మీద నిలబడి కాదు, మడిలోకి దిగి నాలుగైదు చోట్ల కొత్త మచ్చలున్న ఆకులు తెంపండి.

అందరూ పొరబడేది మచ్చ పోల్చుకోవడంలోనే. అగ్గి తెగులు మచ్చ రెండు కొనలూ సాగి కంటి ఆకారంలో ఉంటుంది. నడుమ బూడిద రంగు, అంచున గోధుమ రంగు. గుండ్రంగా, నువ్వుగింజంత ఉండి చుట్టూ పసుపు వలయం కనిపిస్తే అది గోధుమ మచ్చ తెగులు. చాలామటుకు నేలలో సారం తగ్గినచోటే వస్తుంది. చిన్నదని తీసిపారేయకండి, 1943 బెంగాల్ కరువులో వరిని దెబ్బతీసింది అదే. కటక్‌లో వరి పరిశోధన కేంద్రం 1946లో వెలిసింది ఆ తర్వాతే.

అనుమానం తీరకపోతే ఆకును తడి పేపరులో చుట్టి, కవరులో కట్టి, రాత్రంతా నీడలో ఉంచండి. పొద్దున్నే ఏటవాలు వెలుతురులో భూతద్దంతో చూస్తే అగ్గి తెగులు మచ్చ మీద బూడిద రంగు నూగు కనిపిస్తుంది. ఆకు కొన నుంచి అంచుల వెంట ఎండుతుంటే ముక్క కోసి గ్లాసులో మంచినీళ్లలో నిలబెట్టండి. కోసినచోట తెల్లటి జిగురు దిగితే అది బ్యాక్టీరియా ఎండాకు తెగులు. అగ్గి తెగులుకు కొట్టే శిలీంధ్రం (బూజు) మందు దానికి దండగ.

అగ్గి తెగులే అని తేలితే ముందు యూరియా ఆపండి, మడి ఆరనివ్వకండి. ట్రైసైక్లజోల్ అనే శిలీంధ్రం మందు 75 శాతం పొడి లీటరు నీటికి 0.6 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల ద్రావణం. మంచు ఆరాక, గాలి లేనప్పుడు కొట్టాలి. సాయంత్రమే మేలు. ఇంకే మందూ కలపొద్దు. సాంబమసూరి వేసినవాళ్లు మరీ జాగ్రత్త, ఆ రకం అగ్గి తెగులుకు తట్టుకోదు.

ఇదే అగ్గి తెగులు వెన్ను (కంకి) మెడకు సోకితే మెడ విరుపు అంటారు. దానికి మాత్రం అదను ముఖ్యం. రాత్రి చలి, పొగమంచు ఉన్న రోజుల్లో, పొట్ట దశ చివర్లో వెన్ను తొంగిచూస్తుండగానే కొట్టాలి. మెడ నల్లబడి విరిగాక తాలు గింజ నిండదు. తెల్లకంకి కనిపిస్తే పట్టి లాగండి. సులువుగా ఊడొస్తే అది కాండం తొలుచు పురుగు పని, దానికి వైద్యం వేరు.